ఊపిరి బిగబట్టిన ఏడేళ్లు

నా పెళ్లినాటికి నాకు ఇరవై ఒక్కేళ్లు. బత్తలపల్లె పక్కన మా ఊళ్లో ఆ వయసుకు ముదురు పిల్ల అనేవాళ్లు. మా అమ్మ నాలుగేళ్లు మంచాన పడి ఉంది. ఆమెను లేపి కూర్చోబెట్టేది, మళ్లీ పడుకోబెట్టేది నేనే కాబట్టి నా పెళ్లి ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆమె పోయిన మరుసటేడు, అంటే డెబ్బైమూడులో, మా నాయన నన్ను ధర్మవరంలో పట్టుచీరలు నేసే వెంకటేశులుకు ఇచ్చి చేశాడు.

నేను చెప్పబోయేది మొగుడూ పెళ్లాల మధ్య మాట. ఆయన ఉన్నంతకాలం ఇది మా ఇద్దరిదే. ఆయన పోయి మూడేళ్లయింది. నాకు డెబ్బై దాటాయి. ఈ వయసులో నన్ను చూసి సిగ్గుపడేవాళ్లు లేరు, నేను సిగ్గుపడాల్సినవాళ్లూ పెద్దగా మిగల్లేదు.

మా అత్తగారిల్లు ఒకటే పొడుగాటి గది. వెనక చిన్న వంటిల్లు. గదిలో రెండు గుంత మగ్గాలు. నేలలో గుంత తవ్వి, అందులోకి కాళ్లు వదిలి కూర్చుని నేసేవాళ్లు. ఒక మగ్గం మా ఆయనది, ఇంకొకటి మా మరిది చిన్నప్పది. మా అత్త లక్ష్మీనరసమ్మ వంటింటి గడప దగ్గర పడుకునేది, చిన్నప్ప వాకిలి దగ్గర. మాకు రెండో మగ్గానికీ గోడకూ మధ్య ఒక చాప పట్టేంత చోటు. అడ్డంగా అత్త తన పాత చీర ఒకటి కట్టింది. ఆ చీర పలచన. ఎవరు తుమ్మినా అందరికీ వినపడే ఇల్లు అది.

మా ఆయన నెమ్మదైన మనిషి. పెళ్లయిన కొత్తలో నా చేయి పట్టుకోవడానికి కూడా అడిగి పట్టుకునేవాడు. ఆ మొదటి నెలలో నాకు ఒంట్లో ఏదో తెలిసేది. నీళ్లు కాగుతున్నప్పుడు అడుగు నుంచి బుడగ లేచినట్టు. అది ఎక్కడికి పోతుందో తెలియదు గానీ ఎక్కడికో పోతున్నట్టు మాత్రం ఉండేది.

ఆ రోజుల్లో తెల్లవారగానే వీధి పొడుగునా పట్టు దారాలు సాచి, కొయ్యలకు కట్టి సరిచేసేవాళ్లు. ఇంటికొక మనిషి వచ్చి చేయి వేయాలి. ఎండ ముదరకముందే పని కావాలని అందరూ తొందరపడేవాళ్లు. ఆ వాసన, ఆ రంగులు, చలికాలంలో నోట్లోంచి ఆవిరి, ఇప్పటికీ నాకు తలుచుకుంటే బాగుంటుంది. ఒకరోజు అట్లా పదిమందిమి దారాలు పట్టుకుని నిలబడి ఉంటే మా అత్త ఎదురింటామెతో గట్టిగా అంది:

"మా కోడలి గాజులు మా రెండు మగ్గాల కంటే ఎక్కువ సప్పుడు చేస్తాండాయి మే!"

వీధంతా నవ్వింది. దారాల ఆ చివర నిలబడిన మా ఆయన తల దించుకున్నాడు. నేను ఎక్కడికి పారిపోవాలో తెలియక దారాల మీద చేయి అలాగే పెట్టి నిలబడ్డాను. మా అత్త చెడ్డది కాదు. ముతక హాస్యం ఆమెది. ఆ మాట ఆమె మధ్యాహ్నానికే మర్చిపోయి ఉంటుంది.

నేను మర్చిపోలేదు. ఆ రోజు నుంచి పడుకునే ముందు గాజులన్నీ తీసి గుడ్డలో చుట్టేదాన్ని. చేతికి ఒక్కొక్కటి మాత్రం ఉంచుకునేదాన్ని. కదలకుండా ఉండటం నేర్చుకున్నాను. ఊపిరి బిగబట్టడం నేర్చుకున్నాను. ఆ బుడగ లేవబోతున్నట్టు అనిపిస్తే చాలు, మనసును ఎటో తోలేసేదాన్ని: రేపు రాగులు విసరాలి, చింతపండు అయిపోయింది, నీళ్లకు ఎంత పొద్దున లేవాలి. కొన్నాళ్లకు ఆ బుడగ రావడమే మానుకుంది. తోలేయాల్సిన అవసరం కూడా లేకపోయింది.

అట్లా ఏడేళ్లు. కొడుకు పుట్టాడు, కూతురు పుట్టింది. కూతురు పుట్టాక నేనే అడిగి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నాను. పక్కింటి నల్లమ్మ నాకంటే రెండేళ్లు పెద్దది, నాకు ఆ వీధిలో ఉన్న ఒకే ఒక స్నేహం. ఆమె అంది, "ఇంగ నీకేముండాది సుబ్బలక్ష్మీ. ఆపరేషన్ అయినంక ఆడదానికి ఆ ధ్యాసే ఉండదంట." నాకు ఆ మాట హాయిగా అనిపించింది. నాలో ఏదో లేదని తెలుసు. దానికి ఒక కారణం దొరికింది.

ఎనభైలో చిన్నప్పకు పెళ్లి కుదిరింది. ఆ ఒక్క గదిలో రెండు జంటలు పట్టవు. అత్త చిన్నప్ప దగ్గర ఉండిపోయింది, మేము పక్క వీధిలో వేరే ఇల్లు బాడుగకు తీసుకున్నాం. నల్లమ్మ ఇంటికి పెరటిదారిన ఐదు అడుగులే. ముందు మగ్గం గది, లోపల ఇంకో చిన్న గది. ఆ చిన్న గదికి తలుపు ఉంది. తలుపుకు గడియ ఉంది. సామాను దించిన రోజు మా ఆయన ఆ గడియ వేసి, తీసి, మళ్లీ వేసి చూశాడు. ముప్పై రెండేళ్ల మనిషి, నా వైపు చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు.

నేనూ ఏదో జరుగుతుందనుకున్నాను. జరగలేదు. వినేవాళ్లు ఎవరూ లేకపోయినా నా ఊపిరి ఎప్పటిలాగే ఆగిపోయేది. నా కళ్లు పైన దూలాలను లెక్కపెట్టేవి. ఆయన నెలకు ఒకసారో రెండుసార్లో నా దగ్గరికి వచ్చేవాడు, తర్వాత అటు తిరిగి పడుకునేవాడు. రాను రాను అదీ తగ్గింది. నాకు బెంగ లేదు. ఆయనకు పని ఎక్కువైందేమో అనుకున్నాను.

ఎనభై ఒకటి ఎండాకాలం. వానలు లేక పల్లెల నుంచి జనం కూలికి బెంగళూరు బస్సులెక్కుతున్న ఏడాది. మా ఆయన ఉన్నట్టుండి పాలు తాగడం మొదలుపెట్టాడు. పిల్లలకే చాలని పాలు ఈయనెందుకు తాగుతున్నాడా అనుకున్నాను. పైగా పొద్దున్నే చెంబు పట్టుకుని రెండు మూడుసార్లు పరుగెత్తేవాడు. ముఖం పీక్కుపోయింది. ఒకరోజు ఆయన పట్టు నూలు కోసం షావుకారు దగ్గరికి పోయినప్పుడు మగ్గం గుంత ఊడుస్తుంటే మూలన ఒక రేకు డబ్బా దొరికింది. మూత తీస్తే నల్లటి లేహ్యం. బెల్లం, మిరియాలు, ఇంకేదో కుళ్లిన వాసన.

ఆయన రాగానే ముందు పెట్టాను. "ఏమిది?"

ఆయన ముఖం తెల్లబోయింది. నూలు చుట్ట కింద పెట్టి అన్నాడు.

"అనంతపురంలో లాడ్జికి ఒక డాక్టరు వస్తాడు. గోడల మీద రాసింటారు చూడు. ఆయప్ప ఇచ్చినాడు. నలభై దినాలు తినాలన్నాడు."

"నీకేమయింది?"

"నాకేం కాలేదు. నీ కోసమే తింటాండా."

"నా కోసం నువ్వు తింటే నాకేమొస్తాది?"

నిజంగానే అర్థం కాక అడిగాను. ఆయన నా ముఖం చూడకుండా మగ్గం కట్టె మీద గోరుతో గీస్తూ చెప్పాడు.

"నేను గుడ్డోణ్ని కాదు మే. ఏడెనిమిదేండ్లుగా చూస్తాండా. నేను దగ్గరికొస్తే నువ్వు ఊపిరి బిగబట్టుకుంటావు. ఎప్పుడైపోతాదా అని పైకి చూస్తాంటావు. ఒక్క పొద్దన్నా నీ మొగంలో సంతోషం చూడకపోతి. నా మీద నీకు ఇష్టం లేదేమో అనుకున్యా. లేదంటే నాలోనే మొగతనం తక్కువుండాదేమో అనుకున్యా. ఆయప్పా అదే అన్న్యాడు, నరాల బలహీనత అని."

నేను నవ్వాను. నవ్వుతూనే ఏడుపొచ్చింది. ఈ మనిషి నా కోసం నెల రోజులుగా కడుపు పాడు చేసుకుంటున్నాడు. నేనేమో ఆయనకు తెలియదనుకుంటూ ఉన్నాను.

"నాకు నువ్వంటే ఇష్టమే," అన్నాను. పెళ్లయి ఎనిమిదేళ్లకు ఆ మాట మొదటిసారి అన్నాను. "నీలో ఏం తక్కువ లేదు. నా లోపలే ఏదో సచ్చిపోయింది. ఆపరేషన్ తో పోయిందేమో."

"ఆపరేషన్ కు ముందు ఉండెనా?"

నేను లేచాను. ఆ డబ్బా తీసుకుపోయి దిబ్బలో పారేశాను.

అనంతపురంలో నాగలక్ష్మమ్మ అని ఒక డాక్టరమ్మ ఉండేది. ఉరవకొండ పక్క శనక్కాయలు పండించే రైతు కూతురు. పెద్ద చదువు చదివినా మా మాటే మాట్లాడేది. తన ఇంటి ముందు గదిలోనే రోగులను చూసేది. నల్లమ్మ చెల్లెలికి కాన్పు కష్టమైతే ఆమే బతికించింది. ఆ పేరు గుర్తుపెట్టుకుని, పిల్లలను అత్త దగ్గర వదిలి, ఇద్దరం పొద్దున్నే బస్సెక్కాం. ఆయన బయట చెట్టు కింద ఆగిపోయాడు. నేను ఒక్కదాన్నే లోపలికి పోయాను.

"ఏమమ్మా, ఏం కష్టం?" అంది డాక్టరమ్మ.

"కడుపులో నొప్పి."

"యాడ?"

బొడ్డు మీద చూపించాను. ఆమె నొక్కింది. "ఈడనా?"

"కాదమ్మా, రవ్వంత పక్కన."

పక్కన నొక్కింది. నేను ఇంకో చోటు చూపించాను. ఆమె చేతులు తీసి నా ముఖంలోకి చూసింది.

"నీ నొప్పి కాళ్లున్న నొప్పి మాదిరి తిరుగుతాండాదే." నర్సును బయటికి పంపి, తలుపు మూసి, కుర్చీ నా దగ్గరికి లాక్కుంది. "ఇప్పుడు అసలు మాట చెప్పు. ఈ గదిలోంచి బయటికి పోదు."

అది చెప్పడానికి నాకు మాటలే తెలియవు. "మా ఆయన మంచోడమ్మా. నాకు మాత్రం... ఏమీ తెలీదు. కట్టె మాదిరి ఉంటా. ఆయన బాధపడతాండాడు," అన్నాను. తర్వాత అంతా అదే వచ్చింది. పలచటి చీర, గాజులు, వీధిలో నవ్వు, చింతపండు లెక్కలు, ఆపరేషన్ మీద పక్కింటి నల్లమ్మ అన్న మాట, కొత్తింటి గడియ. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

తర్వాత ఒక్కొక్కటే అడిగింది. ఏమైనా మాత్రలు మింగుతున్నావా, మనసు దిగులుకు గానీ ఫిట్లకు గానీ? చక్కెర జబ్బు ఉందా? కలిసినప్పుడు నొప్పి ఉందా? కాన్పుల్లో కుట్లు పడ్డాయా? మొగుడు కొడతాడా, తాగుతాడా, ఆయనంటే భయమా? అన్నిటికీ లేదన్నాను. పరీక్ష చేసి చూసింది.

"ఇవన్నీ ఎందుకడిగినానంటే, ఇట్లా కావడానికి శానా కారణాలుంటాయి. కొన్ని మందులతో వస్తాది. చక్కెర ముదిరితే వస్తాది. నొప్పుంటే వస్తాది. మొగుడి మీద కోపమున్నా వస్తాది. ఒక్కోదానికి ఒక్కో వైద్యం. నీకు అవేవీ లేవు. ఆపరేషన్ కూ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఆ మాట మీ పక్కింటామెకు గూడా చెప్పు. ఆ ఆపరేషన్ లో బిడ్డల దారి కట్టేస్తారు, సుఖం దారి కాదు."

"మరి నాకేమయిందమ్మా?"

"భయంతో నీ ఒళ్లు ఒక పాఠం నేర్చుకునింది. పైకెక్కేటప్పుడల్లా నువ్వే బ్రేకు వేస్తా వచ్చినావు. ఇప్పుడు నువ్వు వేయకపోయినా అదే పడతాండాది. ఇంకొకటి, నీకు ఎవురూ చెప్పనిది ఉండాది."

మందుచీటీ వెనకవైపు బొమ్మ గీసింది. నా ఒంటి బొమ్మే, నేను ఎన్నడూ చూడనిది. బిడ్డ వచ్చే దారి ఇది అని చూపించి, పెన్ను కాస్త పైకి జరిపి ఒక చుక్క పెట్టింది. "ఆడదాని సుఖం ముఖ్యంగా ఈడ ఉండాది. శనగగింజంత. దీనికి వేరే పనేమీ లేదు, ఇదొక్కటే. దీన్ని మర్చిపోయి నూరేండ్లు కాపురం చేసినా శానామందికి తృప్తి రాదు. అది వాళ్ల తప్పూ కాదు, మొగుడి బలహీనతా కాదు. పుస్తకాల్లో దీన్ని భావప్రాప్తి అంటారులే, పేరు ఏదైతే ఏం."

ఇద్దరు బిడ్డలను కన్నాను. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చాయి. నా ఒంట్లో ఒక చోటు ఉందని ఒక కాగితం వెనక మొదటిసారి చూశాను.

"మీ ఆయన వచ్చినాడా? పిలువు."

ఆయన చెప్పులు బయట వదిలి, చేతులు కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నాడు. డాక్టరమ్మ ఆ బొమ్మ ఆయన ముందు కూడా పెట్టింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ కళ్లు తిప్పుకోలేదు. కొత్త చీరకు అంచు నమూనా చూసేటప్పుడు ఎట్లా చూస్తాడో అట్లాగే చూశాడు.

"ఒక నెల కలయిక వద్దు," అంది ఆమె. "ఇద్దరూ ఒకరినొకరు తాకండి. చేతులు, వీపు, తల. ఊరికే. ఎక్కడికీ చేరాలని కాదు. నూనె పెట్టుకోండి, మాట్లాడుకోండి. అమ్మా, నువ్వు ముందు నీ ఒంటిని నువ్వే తెలుసుకో. ఒంటరిగా ఉన్నప్పుడు. అది పాపం కాదు, ఏం బాగుండాదో నీకు తెలీకపోతే ఆయనకు ఎట్ల చెప్తావు? ఊపిరి బిగబట్టినట్టు తెలిస్తే పెద్దగా వదులు. అప్పా, నువ్వు ఆమె చెప్పినట్టు విను. తొందర పడొద్దు."

"లేహ్యం ఏమన్నా..." అన్నాడు ఆయన.

"లేహ్యమూ లేదు, భస్మమూ లేదు. మీ చిన్న గది తలుపుకు గడియ ఉండాదంట కదా. అదే మందు."

ఆ ఏడాది గుర్తొస్తే నాకు ముందు నవ్వొస్తుంది. మాకు వీలు దొరికేది పిల్లలు బడికి పోయాక, మధ్యాహ్నం పూట. వీధిలో నలభై మగ్గాలు ఒకటే లయగా ఆడుతూ ఉంటాయి. మాదొక్కటి ఆగిపోయేది. మగ్గం మోత వినీ వినీ మా వీధివాళ్లకు ఏ ఇంటిది ఆగిందో చెవితోనే తెలుస్తుంది. నల్లమ్మ మా ఆయన్ను వీధిలో నిలబెట్టి అడిగింది, "ఏమన్నా వెంకటేశులన్నా, మధ్యాన్నం కాగానే మీ మగ్గానికి జరమొస్తాండాదా?"

మొదటి వారం ఇద్దరికీ నవ్వే సరిపోయింది. ఆయన నా వీపుకు ఆముదం రాస్తుంటే చక్కిలిగింతలు. నేను ఆయన భుజాలు నొక్కుతుంటే ఆయన నిద్రపోయేవాడు. పగలంతా మగ్గం మీద వంగే మనిషి భుజాల్లో ఎన్ని ముడులున్నాయో నాకు అప్పుడే తెలిసింది. అరచేతుల కాయలు, ఎడమ మోకాలి మీద చిన్నప్పుడు పడిన మచ్చ. ఎనిమిదేళ్లు కలిసి బతికి, ఆ మచ్చ ఎట్లా పడిందో నేను అడగలేదు. ఆయన చెప్పాడు. నేను మా అమ్మ జబ్బు సంగతులు చెప్పాను. వాటిని ఎవరికీ అంత వివరంగా చెప్పి ఉండలేదు.

ఒంటరిగా ఉన్నప్పుడు నన్ను నేను తెలుసుకోవడం మాత్రం చాలా కష్టమైంది. ఎవరూ లేని గదిలో కూడా చెయ్యి వెనక్కి వచ్చేది. డాక్టరమ్మ మాట గుర్తు చేసుకుని మళ్లీ ప్రయత్నించేదాన్ని. రెండు నెలలు పట్టింది. మెల్లగా, పాత చుట్టం చాలాకాలానికి ఇంటికొచ్చినట్టు, ఆ పెళ్లైన కొత్తలోని బుడగ తిరిగి వచ్చింది.

తర్వాత పోట్లాట. నెల గడువు అయిపోయాక కలిసిన ప్రతిసారీ ఆయన ఆత్రంగా అడిగేవాడు, "అయిందా? వచ్చిందా?" పాపం, నా కోసమే. కానీ ఆ మాట వినగానే అంతా ఆరిపోయేది. ఒకరోజు అరిచాను: "బస్సు కోసం కాసుకున్నట్టు కాసుకోవాకు!" ఆయన అలిగి మూడు రోజులు మగ్గం దిగలేదు. మళ్లీ అనంతపురం పోయాం. డాక్టరమ్మ విని, ఆయనతో అంది, "నువ్వు అడగొద్దప్పా. వస్తే నీకే తెలుస్తాది. రాని పొద్దు కూడా బాగుందా లేదా, అది చూసుకోండి." నాతో అంది, "నీకు కావాల్సింది నోటితో చెప్పలేకపోతే ఆయన చేయి పట్టుకుని చూపించు."

కార్తీక మాసంలో అయింది. ఎండ చల్లబడిన మధ్యాహ్నం. బయట కట్టెల బండి పోతున్న చప్పుడు గుర్తుంది. ఆయన చేతి మీద నా చేయి ఉంది. ఊపిరి బిగుసుకోబోయింది. పెద్దగా వదిలాను. మళ్లీ వదిలాను. చింతపండు గుర్తుకు రాలేదు, దూలాలు గుర్తుకు రాలేదు. ఒళ్లంతా ఒక్కచోటికి చేరి, అక్కడి నుంచి అలలుగా విడిపోయింది. నా నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. అది నా గొంతేనని నాకే తెలియలేదు. తర్వాత ఏడ్చాను.

ఆయన హడలిపోయాడు. "ఏమాయె మే? నొప్పి చేసిందా?"

"లేదు. గమ్మునుండు," అన్నాను.

ఆయన గమ్మున ఉన్నాడు. కాసేపటికి ఆయన కళ్లలో కూడా నీళ్లు చూశాను. ఆ సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చేసరికి పూర్ణం పెట్టి ఓళిగలు చేశాను. పండగేంటమ్మా అని అడిగితే ఏం లేదు, పప్పు ఎక్కువుంది అని చెప్పాను.

ప్రతిసారీ అట్లా జరిగిందని కాదు. కొన్నిసార్లు ఉండేది, కొన్నిసార్లు ఉండేది కాదు. లేని రోజు కూడా నేను ఆ గదిలోనే ఉండేదాన్ని, ఎక్కడికో పారిపోయేదాన్ని కాదు.

ఆ తర్వాతి ఎండాకాలం ఒక మధ్యాహ్నం గడియ తీసి బయటికి వస్తే మా అత్త అరుగు మీద కూర్చుని ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. వీధిలో గుమ్మఘట్ట నుంచి వచ్చే దుప్పట్ల వ్యాపారి, కన్నడ కలిపి మాట్లాడే వీరప్ప, మూట దించబోతున్నాడు. అత్త ఆయన్ను అదిలించింది: "వాళ్ల మగ్గంలో దారాలు తెగినాయంట, అతుక్కుంటాండారు. పో నాయనా, రేపు రా." ఆయన పోయాడు. ఆమె నావైపు తిరగకుండానే నీళ్లడిగింది. తెచ్చి ఇచ్చాను.

నీళ్లు తాగి అంది, "అనంతపురం డాక్టరమ్మ దగ్గరికి యాలకు పోయినారో వాడు నాకు చెప్పినాడులే."

నేను నేలలోకి చూశాను.

"నేను ఆ పొద్దు వీధిలో ఒక మాట అంటిని," అంది. "నీ గాజుల గురించి. వాడు గుర్తుచేసినాడు. నాకు మతికే లేదు." చెంబు పక్కన పెట్టింది. "మీ మామతో నేను ఇరవై ఏండ్లు కాపరం చేస్తి. ఏడుమందిని కంటి. ఆ ఇంట్లో మా అత్త, ఇద్దరాడబిడ్డలు, అందరూ ఆ గదిలోనే. నాకు గాజుల సప్పుడు గూడా రాలేదు సుబ్బలక్ష్మీ. నీది ఇని నవ్వినానా, కుళ్లుకున్నానా, ఇప్పుడు చెప్పలేను."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె నా చేతి గాజులు ఒకసారి సవరించి, లేచి వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆదివారాలు వచ్చి పిల్లలను తనే తీసుకుపోయేది.

నల్లమ్మకు చెప్పడానికి నాకు ఇంకో రెండేళ్లు పట్టింది. ఒకరోజు శనక్కాయలు వలుస్తూ ఆమే అడిగింది, "మీరిద్దరూ ఈ మధ్య వయసు పిల్లల మాదిరి ఉండారే, ఏం మందు తింటాండారు?" ఆమె పదహారేళ్ల కాపురం ఎట్లా ఉందో నాకు తెలుసు. ఆమె మొగుడు రామప్ప ఆమెతో అవసరానికి తప్ప మాట్లాడడు. నేను ఒక బొగ్గు ముక్క తీసుకుని నేల మీద డాక్టరమ్మ బొమ్మ గీశాను. మొత్తం చెప్పాను. నల్లమ్మ వలవడం ఆపి ఆ బొమ్మ వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఇంతేనా?" అంది.

"బొమ్మ ఇంతే. పని శానా ఉండాది. రామప్పన్న గూడా రావాల."

"ఆయప్ప రాడు," అంది. కాలితో బొమ్మ చెరిపేసింది.

మా ఆయనకు చెప్పాను. ఆయన రెండు రోజులు ఆలోచించి, రామప్పను అనంతపురంలో కొత్త రకం జరీ వచ్చింది, చూసొద్దాం రమ్మన్నాడు. నల్లమ్మకు మాత్రం అసలు సంగతి ముందే చెప్పి ఒప్పించి, నలుగురం బస్సెక్కాం. బత్తలపల్లెలో బస్సు ఆగినప్పుడు నల్లమ్మకు నిజం దాచుకోవడం చేతకాలేదు, ఎక్కడికి పోతున్నామో చెప్పేసింది. రామప్ప లేచి నిలబడ్డాడు. దిగిపోతానన్నాడు. నన్నేమనుకుంటాండారు మీరంతా అని మెల్లగా, కోపంగా అన్నాడు. మా ఆయన రామప్ప చేయి పట్టుకున్నాడు.

"కూచో రామప్పా. ఆ పొద్దు డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచినప్పుడు నేనూ పారిపోదామనే సూసినా. లాడ్జి డాక్టరు లేహ్యం నెల దినాలు తిని కడుపు చెడగొట్టుకున్నోణ్ని నేను. నీకు సిగ్గుంటే నాకు లేదా? కూచో."

మా ఆయన ఆ మాట బస్సులో, పదిమందిలో అనడం నేను విన్నాను. రామప్ప చుట్టూ చూశాడు. ఎవరూ పట్టించుకోలేదు. వెనక సీట్లో ఎవరో పిల్లిపెసల ధర గురించి కొట్లాడుకుంటున్నారు. ఆయన కూర్చున్నాడు.

డాక్టరమ్మ గదిలో వాళ్లిద్దరూ గంటసేపు ఉన్నారు. మేము బయట చెట్టు కింద కూర్చున్నాం. తలుపు తీసుకుని రామప్ప ముందు వచ్చాడు, చొక్కా వీపంతా చెమట. మా ఆయన్ను బీడీ అడిగాడు. వెలిగించుకోకుండా చేతిలోనే పట్టుకుని, వెనక వస్తున్న నల్లమ్మ వైపు తిరిగాడు.

"ఆకలైతాండాదా?" అని అడిగాడు.

నల్లమ్మ నా వైపు చూసింది, ఆ ప్రశ్న నన్ను అడిగాడేమో అన్నట్టు. తర్వాత తలూపింది. బస్టాండు దగ్గర నలుగురం బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిని, సాయంత్రం బస్సుకు ఇంటికి వచ్చాం.